ఉయ్యాలలో ఉన్నప్పటి సంగతి గుర్తుండటం సాధ్యమేనా? పాపకు అమ్మమ్మ గుర్తుంటుందా?

ప్రశ్న: నా వయసు 34. ఉయ్యాలలో వెల్లకిలా పడుకుని ఉంటే పైన రంగురంగుల బొమ్మలు తిరుగుతున్నట్టు, అమ్మ వంగి నన్నే చూస్తున్నట్టు నాకు గుర్తు. అప్పటికి ఏడాది కూడా నిండి ఉండదు. పాత ఇల్లు ఖాళీ చేసిన రోజు కూడా గుర్తే. మెట్ల మీద కూర్చుని, సామాను బండిలోకి ఎక్కిస్తుంటే చూస్తున్నాను. అప్పుడు నాలుగేళ్లని నా లెక్క. ఇవి చెబితే అన్నయ్య నవ్వుతాడు. తనకు బడిలో చేరకముందు సంగతి ఒక్కటీ గుర్తులేదంటాడు. రెండు నెలల క్రితం అమ్మ పోయింది. మా పాపకు ఇప్పుడు మూడేళ్ల నాలుగు నెలలు. పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ చేతుల్లోనే పెరిగింది. పెద్దయ్యాక తనకు అమ్మమ్మ గుర్తుంటుందా? ఉండాలంటే నేనేం చేయాలి? నా ఉయ్యాల జ్ఞాపకం నిజమేనా?

జవాబు: పాప సంగతి ముందు చూద్దాం. మీరు అడిగినవాటిలో గడువున్నది దానికొక్కదానికే. మీ ఉయ్యాల, మీ అన్నయ్యతో వాదన ఆర్నెల్లు ఆగినా ఫర్వాలేదు.

పాపకు ఇవాళ అమ్మమ్మ బాగానే గుర్తుంది, అందులో అనుమానం అక్కర్లేదు. మూడేళ్ల పిల్లలు నెలల కిందట జరిగినవి కూడా చెప్పగలరు. చిక్కంతా ఇంకో నాలుగైదేళ్ల తర్వాత. ప్యాట్రీషియా బావర్, మరీనా లార్కినా అనే పరిశోధకులు మూడేళ్ల పిల్లలు తల్లితో కలిసి చెప్పుకున్న ముచ్చట్లు రికార్డు చేసి, ఆ పిల్లల్నే కొన్నేళ్ల తర్వాత వేర్వేరు వయసుల్లో మళ్లీ అడిగారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అడిగినవాళ్లకు ఆ సంగతుల్లో 60 శాతానికి పైగా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు అడిగినవాళ్లకు మిగిలింది సుమారు మూడోవంతే. పసితనం పసితనంలోనే చెరిగిపోదన్నమాట. బడికి వెళ్తూ, చదవడం రాయడం నేర్చుకుంటున్న రోజుల్లో మెల్లగా జారిపోతుంది. మీరు ఏం చేసినా ఆ లోపే చేయాలి.

ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు? 1993లో అషర్, నైసర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులను నాలుగు రకాల సంఘటనల గురించి అడిగారు: తమ్ముడో చెల్లెలో పుట్టడం, ఆస్పత్రిలో చేరడం, ఇంట్లో ఒకరు చనిపోవడం, ఇల్లు మారడం. మొదటి రెండూ రెండేళ్ల వయసులో జరిగినా కొందరికి గుర్తున్నాయి. చావు, ఇల్లు మారడం మాత్రం మూడేళ్ల వయసు నుంచి గుర్తున్నాయి. అమ్మమ్మ పోయేనాటికి మీ పాపకు మూడేళ్ల రెండు నెలలు. సరిగ్గా గట్టు మీద ఉంది. ఏమీ చేయకపోతే పెద్దయ్యాక ఒకటో రెండో ముక్కలు మిగలొచ్చు, అసలేమీ మిగలకపోవచ్చు. శ్రద్ధ తీసుకుంటే నాలుగైదు దృశ్యాలు మిగిలే అవకాశం పెరుగుతుంది. అంతకు మించి హామీ ఎవరిచ్చినా నమ్మకండి.

ఎందుకు మరిచిపోతామో కాస్త తెలిస్తే, ఏం చేయాలో సులువుగా అర్థమవుతుంది. చంటిపిల్లల్లో జ్ఞాపకం అసలు ఏర్పడదని ఒకప్పుడు అనుకునేవారు. అది తప్పని తేలిపోయింది. కరోలిన్ రోవీ కోలియర్ అనే పరిశోధకురాలు ఉయ్యాల మీద వేలాడే బొమ్మలకు ఒక రిబ్బను కట్టి, రెండో కొసను పాప చీలమండకు కట్టేది. కాలు తన్నితే బొమ్మలు ఊగుతాయి. మూడు నెలల పిల్లలు ఆ కిటుకును దాదాపు వారం, ఆరు నెలల పిల్లలు రెండు వారాలు గుర్తుపెట్టుకున్నారు. మరిచిపోయినట్టు కనిపించిన పిల్లలకు మధ్యలో ఒకసారి బొమ్మలు ఊగడం చూపిస్తే చాలు, మళ్లీ కాలు తన్నడం మొదలుపెట్టారు. 2025లో యేల్ విశ్వవిద్యాలయం బృందం 4 నుంచి 25 నెలల వయసున్న 26 మంది పిల్లలకు మెలకువగా ఉండగానే మెదడు స్కాన్ తీసింది. ఒక ఫొటోను మొదటిసారి చూస్తున్నప్పుడు హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలను నమోదు చేసే మెదడు భాగం) ఎంత చురుగ్గా ఉంటే, కాసేపటి తర్వాత ఆ ఫొటోను గుర్తుపట్టినట్టు చూడటం అంత ఎక్కువగా ఉంది. ఏడాది దాటిన పిల్లల్లో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. కాబట్టి నమోదు జరుగుతోంది. నిలవడమే జరగడం లేదు.

నిలవకపోవడానికి ఒక కారణం ఆ హిప్పోక్యాంపస్‌లోనే ఉంది. పసితనంలో అక్కడ కొత్త న్యూరాన్లు (నాడీకణాలు) ఎడతెరిపి లేకుండా పుట్టి పాత అల్లికలోకి చొరబడతాయి. 2014లో షీనా జోసెలిన్, పాల్ ఫ్రాంక్‌లాండ్ బృందం పెద్ద ఎలుకల్లో ఈ పుట్టుకను పెంచితే అవి నేర్చుకున్నది మరిచిపోయాయి; పిల్ల ఎలుకల్లో తగ్గిస్తే జ్ఞాపకం ఎక్కువకాలం నిలిచింది. అదే బృందం 2018లో ఇంకో అడుగు వేసింది. పిల్లప్పటి అనుభవంలో పాల్గొన్న కణాలను ఎలుక పెద్దయ్యాక కాంతితో నేరుగా తట్టిలేపితే, మరిచిపోయిందనుకున్నది తిరిగి వచ్చింది. ఊళ్లో వీధులన్నీ మార్చేశాక పాత చిరునామా పట్టుకుని ఇల్లు వెతికినట్టుంది వ్యవహారం. ఇల్లు ఉంది, దారే దొరకదు. మనుషుల్లో కూడా అంతే జరుగుతుందని ఎలుకలను చూసి తేల్చేయలేం గానీ, దిశ అదేననిపిస్తుంది.

రెండో కారణం మాటలు. మీకు పనికొచ్చేది ఇదే. న్యూజిలాండ్‌లో గాబ్రియెల్ సింకాక్, హార్లీన్ హేన్ రెండు మూడేళ్ల పిల్లల ఇళ్లకు ఒక వింత యంత్రం తీసుకెళ్లారు. మీట లాగితే దీపాలు వెలుగుతాయి. పైనుంచి పెద్ద బొమ్మ వేసి పిడి తిప్పితే కింది నుంచి అచ్చం అలాంటిదే బుల్లి బొమ్మ వస్తుంది. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ వెళ్తే పిల్లలు ఆ పని చేసి చూపించగలిగారు, ఫొటోల్లో ఆ బొమ్మలను ఏరగలిగారు. నోటితో చెప్పమంటే మాత్రం, యంత్రం చూసిననాటికి తమకు వచ్చిన మాటలతోనే చెప్పారు. ఈలోగా నేర్చుకున్న కొత్త మాటలు ఆ పాత అనుభవానికి అతకలేదు. అందుకే ఒక అనుభవానికి మాటలు తొడగాలంటే అది తాజాగా ఉన్నప్పుడే తొడగాలి. మీ పాప మూడేళ్లు దాటింది కాబట్టి మాటలకు కొదవ లేదు. అమ్మమ్మతో గడిపిన రోజులు ఇంకా తాజాగానే ఉన్నాయి.

ఇక పని సంగతి. ముందు అయిదారు సంఘటనలు ఎంచుకోండి. యాభై వద్దు. "అమ్మమ్మ రోజూ జోకొట్టేది" లాంటిది సంఘటన కాదు, అలవాటు. అలవాట్లు ఒకదాని మీద ఒకటి పడి చివరికి "అమ్మమ్మ మంచిది" అన్న ఒక్క ముక్కగా మిగులుతాయి. ఒకేసారి జరిగింది, ఒక చోట జరిగింది, మొదలూ చివరా ఉన్నది, పాప బాగా నవ్విందో భయపడిందో ఆశ్చర్యపోయిందో అలాంటిది కావాలి. వానలో కరెంటు పోతే అమ్మమ్మ గోడ మీద చేతి నీడలతో కుందేలు చేసి చూపించిన రాత్రి ఉందనుకోండి, అది పనికొస్తుంది. ఎంపికలో పాపకే మొదటి మాట ఇవ్వండి. తనంతట తాను ఎత్తే సంగతులేమిటో ఒక వారం గమనించండి. మీకు ముఖ్యమనిపించినది తనకు ముఖ్యం కాకపోవచ్చు.

మాట్లాడే తీరులోనే అసలు కిటుకు ఉంది. ఎలెయిన్ రీస్, హార్లీన్ హేన్ తదితరులు కొందరు పిల్లలను పసితనం నుంచి పన్నెండు పదమూడేళ్లు వచ్చేదాకా గమనించి 2009లో రాసిన దాని ప్రకారం, జరిగినవాటి గురించి వివరంగా, కొత్త కొత్త వివరాలు చేరుస్తూ ముచ్చటించిన తల్లుల పిల్లలకు మరింత చిన్న వయసు సంగతులు గుర్తున్నాయి. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగిన తల్లుల పిల్లలకు అంత వెనక్కి గుర్తులేదు. తేడా ఎలా ఉంటుందో చూడండి.

"ఆ రోజు అమ్మమ్మ గోడ మీద ఏం చేసింది? చెప్పు. ఏం చేసింది? అరే, కుందేలు కదా! నీకు గుర్తులేదా?" ఇది పరీక్ష. పాప తలదించుకుంటుంది, లేదా మీ మొహం చూసి "ఆఁ" అంటుంది.

"ఆ రోజు కరెంటు పోయింది కదా, గదంతా చీకటి. అప్పుడు ఏమైంది?" పాప "కుందేలు" అంటుంది. "అవును, కుందేలు! అమ్మమ్మ రెండు వేళ్లు పైకి పెట్టింది, అవి చెవులు. నువ్వు ఎక్కడ కూర్చున్నావు అప్పుడు?" పాప "అమ్మమ్మ ఒళ్లో" అంటుంది. "ఒళ్లోనా! తర్వాత కుందేలు ఎటు వెళ్లింది?" ఇది ముచ్చట. పాప ఒక మాట ఇస్తే దాన్ని అందుకుని, ఒక్క వివరం చేర్చి, తర్వాత ఏమైందని అడిగి, మళ్లీ తన చేతికే ఇచ్చేయాలి. జవాబు రాకపోతే అదే ప్రశ్న రెండోసారి వేయొద్దు. ఒక చిన్న వివరం మీరే చెప్పి వేరే వైపు నుంచి అడగండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. బావర్ అధ్యయనంలోనూ, పిల్లలను తమ దారిన చెప్పనిచ్చిన తల్లుల పిల్లలకే తర్వాత ఎక్కువ గుర్తుంది.

ఒక్కో ముచ్చట అయిదు నుంచి పది నిమిషాలు చాలు. స్నానం చేయించేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు, నడుస్తున్నప్పుడు బాగా సాగుతుంది. రోజూ చేస్తే పాప ఒకే వాక్యాన్ని ఎక్కంలా అప్పజెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలేది వాక్యమే, దృశ్యం కాదు. ఒక సంఘటన గురించి ఇవాళ మాట్లాడితే మళ్లీ నాలుగైదు రోజులకు, తర్వాత రెండు మూడు వారాలకు, ఆపైన నెలకో రెండు నెలలకో ఎత్తండి. మరుపు అంచుకు వచ్చినప్పుడు గుర్తుచేస్తే గట్టిగా నిలబడుతుంది. ఉయ్యాల బొమ్మల పిల్లల్లో కనిపించింది అదే.

అవునో కాదో చెప్పమనే ప్రశ్నలు తగ్గించండి. మూడు నాలుగేళ్ల పిల్లలు పెద్దవాళ్లు కోరుకుంటున్న జవాబు ఇట్టే పసిగడతారు. 1994లో స్టీఫెన్ సెసి బృందం బడిఈడు రాని పిల్లలను, వాళ్లకు ఎన్నడూ జరగని సంగతుల గురించి, వేలు ఎలుకల బోనులో ఇరుక్కుని ఆస్పత్రికి వెళ్లావా లాంటివి, వారం వారం అడుగుతూ పోయింది. పది వారాల తర్వాత సగానికి పైగా పిల్లలు కనీసం ఒక కల్పిత సంఘటనను నిజంగా జరిగినట్టు కథ అల్లి చెప్పారు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ "అమ్మమ్మ నిన్ను గుడికి తీసుకెళ్లేది కదా, గుర్తుందా?" అని పదిసార్లు అంటే లేని జ్ఞాపకం తయారవుతుంది. పాప అప్పుడు అక్కడ లేదంటే, నిద్రపోతోందంటే ఆ మాట చెప్పే మొదలుపెట్టండి: "నువ్వు అప్పుడు నిద్రపోయావు. ఇది అమ్మ చూసింది." ఏది తను చూసింది, ఏది విన్నది అన్న గీత పిల్లలు తమంతట తాము గీసుకోలేరు. మీరే గీయాలి.

ఫొటోలు సాయం చేస్తాయి, చెడగొడతాయి కూడా. ఒకే ఫొటోను పదే పదే చూపిస్తే కొన్నేళ్లకు గుర్తుండేది ఫొటోనే. దాన్ని ముందు పెట్టుకుని ఫొటోలో లేనిది అడగండి. దీనికి ముందు ఏం చేస్తున్నాం? ఇటు పక్కన ఎవరున్నారు? తీసేది ఎవరు? అమ్మమ్మ ఉన్న ఫొటోలతో పాటు, అమ్మమ్మ గది, కుర్చీ, కిటికీ, తలుపు గడియ కూడా తీసి పెట్టండి. మీరు మోకాళ్ల మీద కూర్చుని పాప కళ్ల ఎత్తు నుంచి తీస్తే మంచిది, తను చూసిన లోకం ఆ ఎత్తుదే. ఆ గది ఖాళీ చేసేలోపు ఈ పని ముగించండి. అమ్మమ్మ వస్తువులు రెండు మూడు కదపకుండా దాచండి. వాటిని రోజూ ఆడుకోవడానికి ఇస్తే అవి ఇప్పటి బొమ్మలైపోతాయి, అప్పటివి కావు.

రికార్డు చేయడం అన్నిటికన్నా ముఖ్యం. పాప చెబుతున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి గొంతు రికార్డు చేయండి; ఎదురుగా పెడితే నటిస్తుంది. రెండు చోట్ల దాచండి. ఒక నోట్‌బుక్కులో ఒక్కో సంఘటనకు ఒక్కో పేజీ కేటాయించండి. పైన తేదీ, పాప వయసు ఏళ్లు నెలల్లో, ఎవరెవరు ఉన్నారు. కింద పాప అన్న మాటలు, ముద్దుమాటలైనా సరే, ఉన్నవి ఉన్నట్టు. మీరు చేర్చిన వివరాలు వేరే రంగు సిరాతో. పదిహేనేళ్ల తర్వాత తను "ఇది నాకు గుర్తుందా, మీరు చెప్పారా?" అని అడిగితే జవాబు ఆ రెండు రంగుల్లో ఉంటుంది. ఆరేళ్లు దాటాక, బడిలో వరసగా కథ చెప్పడం వచ్చాక, ఆ సంఘటనలను మొదటి నుంచి చివరిదాకా తననే చెప్పమనండి, బొమ్మ గీయమనండి. అప్పుడు పుస్తకం చూపించకండి. తొమ్మిది పదేళ్లదాకా ఇలా అప్పుడప్పుడూ కొనసాగాలి. చాలామంది ఇళ్లలో మొదటి ఏడాది బాగా నడిచి రెండో ఏడాదికే ఆగిపోతుంది. అవసరం మొదలయ్యేది మాత్రం తర్వాతే.

మాట్లాడుతూ మీకు కన్నీళ్లొస్తే దాచక్కర్లేదు. "అమ్మమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది" అంటే పాపకు అర్థమవుతుంది. అమ్మమ్మ నిద్రపోయిందనో ఊరెళ్లిందనో మాత్రం చెప్పొద్దు. ఈ వయసు పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు, నిద్రకు భయపడతారు, గుమ్మం వైపు చూస్తుంటారు.

ఒకవేళ దృశ్యాలేవీ మిగలకపోయినా ఆ మూడేళ్లూ వృథా అయినట్టు కాదు. 1994లో నోరా న్యూకోంబ్, నేథన్ ఫాక్స్ తొమ్మిది పదేళ్ల పిల్లలకు వాళ్ల చిన్నప్పటి శిశుతరగతి తోటిపిల్లల ఫొటోలు చూపించారు. చాలామంది గుర్తుపట్టలేదు. కానీ గుర్తుపట్టలేని పిల్లల్లో కూడా ఆ మొహాలు చూసినప్పుడు చర్మం మీద చెమట స్పందన మారింది, పరాయి మొహాలకు అలా మారలేదు. నోటికి అందనిది ఒంటికి తెలిసి ఉండొచ్చు.

ఇప్పుడు మీ ఉయ్యాల. ఏడాది లోపు దృశ్యం 34 ఏళ్ల వయసులో గుర్తుందంటే మేం ఒప్పుకోం. మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. మీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. 2018లో బ్రిటన్ పరిశోధకులు 6,641 మందిని తొలి జ్ఞాపకం అడిగితే 38.6 శాతం మంది రెండేళ్లు, అంతకన్నా చిన్న వయసువి చెప్పారు. 893 మంది ఏడాది, అంతకన్నా తక్కువ వయసువే చెప్పారు. వీటిలో చాలావరకు ఇంట్లో విన్న కబుర్లు, చూసిన ఫొటోలు, పసితనం ఎలా ఉంటుందన్న సాధారణ జ్ఞానం కలిసి అల్లుకున్న బొమ్మలని ఆ పరిశోధకుల అభిప్రాయం.

మీ దృశ్యంలో ఉయ్యాల మీద తిరిగే బొమ్మలే ఉండటం మరో విశేషం. 1999లో వెలువడిన నికొలస్ స్పానోస్ బృందం ప్రయోగం అచ్చంగా దీని మీదే. మీరు పుట్టిన ఆస్పత్రిలో ఉయ్యాల మీద రంగు బొమ్మలు వేలాడదీసేవారు అని కొందరికి ఉత్తుత్తిగా నమ్మబలికి, పుట్టిన మర్నాటికి మనసులో వెళ్లమన్నారు. కొందరిని హిప్నోటైజ్ చేశారు, కొందరిని చేయలేదు. రెండు గుంపుల్లోనూ దాదాపు సగం మంది ఆ బొమ్మలు కనిపిస్తున్నాయన్నారు. పసితనానికి తీసుకెళ్తామనే హిప్నాసిస్ మనుషుల దగ్గరికి మీరు వెళ్లకూడదని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అక్కడ జ్ఞాపకం దొరకదు, నమ్మకం దొరుకుతుంది.

స్పష్టంగా కనిపిస్తోంది కదా అంటారేమో. స్పష్టత సాక్ష్యం కాదు. పిల్లల మనసు మీద జీవితమంతా పనిచేసిన ఝాన్ పియాజే, తనకు రెండో ఏడు నడుస్తున్నప్పుడు పారిస్‌లోని షాంజెలిజే వీధిలో ఎవరో తనను ఎత్తుకుపోబోయారని పదిహేనేళ్లదాకా నమ్మాడు. తనను బండిలో కట్టి ఉంచిన పట్టీ, అడ్డుపడిన ఆయా మొహం మీద గీరుకుపోయిన గాట్లు, పొట్టి అంగీ తొడిగి తెల్ల లాఠీతో వచ్చిన పోలీసు, అన్నీ కళ్లకు కట్టినట్టుండేవి. తర్వాత ఆ ఆయా అదంతా తను అల్లిన కథని ఉత్తరం రాసి, అప్పట్లో బహుమానంగా ఇచ్చిన గడియారం తిరిగి పంపేసింది. ఇంట్లో చెప్పుకుంటుంటే విన్న కథే ఆయన కళ్లకు దృశ్యమైంది.

మీ దృశ్యాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఉయ్యాలలోని పాప మీకు బయటి నుంచి కనిపిస్తోందా, లోపలి నుంచి పైకి చూస్తున్నారా? బయటి నుంచి అయితే అది తర్వాత కట్టుకున్న బొమ్మ అనుకోవచ్చు. లోపలి నుంచి అయినంత మాత్రాన నిజమని రుజువు కాదు. ఆల్బమ్‌లో ఆ ఉయ్యాల ఫొటో ఉందా, మీ దృశ్యం కోణం దానితో కలుస్తోందా? మూడు నాలుగేళ్లప్పుడు చుట్టాలింట్లో ఉయ్యాల ఎక్కి పడుకున్నారా? మూడేళ్ల కిందట మీ పాపను ఉయ్యాలలో వేసి, వంగి చూసింది మీరే కదా, ఆ రోజుల తర్వాత ఈ జ్ఞాపకం బలపడిందా? చివరిది ముఖ్యం: ఆ దృశ్యాన్ని మొదటిసారి ఎప్పుడు, ఎవరికి చెప్పారు? పదేళ్ల వయసులోనే ఎవరికైనా చెప్పి ఉంటే ఒక లెక్క, పాప పుట్టాక మొదలైతే మరో లెక్క. మీ అమ్మగారి మొహం అందులో ఉంది కాబట్టి దాన్ని వదులుకోవాలనిపించదు. వదులుకోనక్కర్లేదు కూడా. ఆమె మీ మీదికి వంగి చూసింది ఒక్క ఉయ్యాలలోనే కాదు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు. దాని మీద ఏడాది లోపు అన్న చీటీ తీసేయండి, చాలు.

ఇల్లు మారిన రోజు విషయం వేరు. అది నిజమయ్యే అవకాశం బాగా ఉంది. పైగా మీరనుకున్న దానికన్నా పాతది కూడా కావచ్చు. కరోల్ పీటర్సన్ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో తేలిందేమిటంటే, బాగా చిన్నప్పటి సంగతులకు మనం వేసుకునే వయసు అసలు వయసు కన్నా ఎక్కువగా ఉంటుంది. రెండున్నరేళ్లప్పుడు జరిగినదాన్ని మూడున్నర అనుకుంటాం. మీ నాలుగు మూడే కావచ్చు. దీన్ని తేల్చడం కష్టమేమీ కాదు. ముందు మీకు గుర్తున్నదంతా, ఎవరితోనూ మాట్లాడకముందే, ఒక కాగితం మీద రాయండి: ఎండా వానా, ఒంటి మీద ఏముంది, ఎవరు ఎత్తుకున్నారు, ఏ సామాను ముందు ఎక్కించారు. సంతకం చేసి తేదీ వేయండి. తర్వాత కాగితాలు వెతకండి. అద్దె ఒప్పందం, పాత, కొత్త చిరునామాలున్న బిల్లులు, టీకాల కార్డు, అన్నయ్య బడి మారిన సర్టిఫికెట్, వీటిలో ఏదో ఒకటి నెలతో సహా తేదీ పట్టిస్తుంది. మనుషుల్ని అడిగితే విడివిడిగా అడగండి, మీ కథ చెప్పకుండా "ఆ ఇల్లు ఎప్పుడు ఖాళీ చేశాం, ఎలా చేశాం?" అని మాత్రమే. మీరు రాసినవాటిలో ఎవరూ కథగా చెప్పుకోనిది, ఏ ఫొటోలోనూ లేనిది, పెద్దవాళ్లకు పట్టనిది ఒకటి ఉండి, అది నిజమని తేలితే దాని విలువ ఎక్కువ. మెట్టు అంచు విరిగి ఉండటం లాంటివి పెద్దలు ముచ్చటగా చెప్పుకోరు, పిల్లలు చూస్తారు.

మీ అన్నయ్యను కూడా తప్పుపట్టక్కర్లేదు. పెద్దల్లో తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ల దగ్గర ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కరోలిన్ మైల్స్ వేసిన లెక్కలో కూడా మూడేళ్ల చిల్లరే వచ్చింది. కానీ సగటు చుట్టూ ఎడం చాలా పెద్దది. రెండేళ్లు ఒక కొస, ఏడేళ్లు ఒక కొస అయినా అందులో జబ్బేమీ లేదు, తెలివితేటలతో సంబంధం లేదు. 2000లో న్యూజిలాండ్‌లో చేసిన పోలికలో అక్కడి ఆదివాసులైన మావోరీలకు సగటున 32 నెలల వయసు నుంచి గుర్తుంటే, ఐరోపా మూలాల వాళ్లకు 42 నెలలు దాటాకే మొదలైంది. పాత సంగతులు, కుటుంబ చరిత్ర తరచూ చెప్పుకునే అలవాటు మావోరీల్లో బలంగా ఉండటమే దీనికి కారణం కావచ్చని ఆ పరిశోధకులన్నారు.

అయినా మీ అన్నయ్య చెప్పినది ఆయన చివరి మాట కాకపోవచ్చు. ఒక్క తొలి జ్ఞాపకం అడిగితే ముందు తట్టినది చెప్పి ఆగిపోతాం. అయిదారు చెప్పమంటే, వాటిలో మొదట చెప్పినదానికన్నా పాతవి బయటపడతాయని పీటర్సన్ పరిశీలన. ఒక ఆదివారం ఇద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చుని, బడికి ముందువి అనిపించినవి ఆరేసి రాయండి. ఆయనకు మీ మెట్ల కథ ముందే తెలుసు కాబట్టి ఇల్లు మారిన రోజును లెక్కలోంచి తీసేయండి. రాయడం అయ్యేదాకా ఆల్బమ్ తెరవొద్దు.